దిండు కింద బలపాలు

"ఆ మాట జర మెల్లగ అనున్రి మేడమ్," అంది ఎస్సై యాదమ్మ, తలుపు వైపు ఓ కన్ను వేసి. బయట వరండాలో జీపు డ్రైవరు బీడీ కాల్చుకుంటున్నాడు.

డాక్టర్ వైదేహి కళ్లజోడు తీసి తన ఆఫీసు బల్ల మీద పెట్టింది. "ఏ మాటండీ? రొమ్ము అనా? రొమ్ము కేన్సర్ మీద పరిశోధన చేస్తూ ఆ మాట అనకుండా ఎలా మాట్లాడమంటారు?"

యాదమ్మ చెవులు వేడెక్కాయి. కానిస్టేబులుగా చేరి ఎస్సై దాకా వచ్చిన మనిషి. బావిలో తేలిన శవాలను ఒడ్డుకు లాగించింది, రైలు పట్టాల మీద చెదిరిన ఒళ్లను మూట కట్టించింది. అయినా ఆడవాళ్ల ఒంటి సంగతి మగవాడి చెవిన పడుతుందంటే చాలు, తప్పేదో తనే చేసినట్టు తల వంగిపోతుంది. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఇప్పుడు మొదట్నుంచి చెప్పున్రి. నేను ఇంటర్ తప్పినదాన్ని. నాకు సమజయ్యేటట్టు చెప్పాలె."

డాక్టరమ్మ ఓపిక తెచ్చుకుంది. "ఆడవాళ్ల ఒంట్లో ఈస్ట్రోజెన్ అని ఒక హార్మోన్ ఉంటుందండి. వయసులో ఉన్నప్పుడు అండాశయాలు తయారు చేస్తాయి. ముట్లు ఉడిగాక అవి పని మానేస్తాయి. కానీ ఒంట్లో కొవ్వు ఉంటుంది కదా, అందులో ఒక ఎంజైమ్ కూర్చుని ఆ ఈస్ట్రోజెన్‌ని కొద్దికొద్దిగా తయారు చేస్తూనే ఉంటుంది. కొన్ని రకాల గడ్డలకి అదే తిండి. మేమిచ్చే గోలీ ఆ ఎంజైమ్‌ని కట్టేస్తుంది. తయారీ ఆగితే గడ్డ ఎదగదు. మన పల్లెటూరి ఆడవాళ్లలో ఇది ఎలా పనిచేస్తుందో చూస్తున్నాం."

"పొయ్యి ఆర్పేస్తే కుండ పొంగదన్నట్టు."

"అంతే."

"మరి గా తండా ముసలామె, రాజీ ఒంట్ల పొయ్యి ఆరలేదని మీకెట్ల తెలిసింది?"

"రక్తంలో తెలుస్తుంది. ఆ పరీక్ష ఇక్కడే చేస్తాం. మొదట ఇచ్చిన గోలీలకి ఆమె ఈస్ట్రోజెన్ అడుగంటింది. తర్వాత తీసిన రక్తంలో మళ్లీ పైకి వచ్చేసింది. అంటే ఆవిడ మింగుతున్నవి మా గోలీలు కావు. ఊళ్లకి గోలీలు మోసేది రవి. అసలువి ఎవరికో అమ్ముకుని నకిలీవి అంటగడుతున్నాడు. అందుకే కంప్లైంట్ ఇచ్చాను."

"మిగిలిన ఆడోళ్ల రక్తం?"

"బాగానే ఉంది."

"అందరికీ మోసేది రవే గద మేడమ్. నకిలీ గోలీలు చేసేటోడు ఒక్క ముసలామెకే ఎందుకిస్తడు?"

వైదేహి కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. యాదమ్మ వదల్లేదు. "పోనీ, ఆమె ఇంట్ల ఉన్న గోలీని పరీక్ష చేయించిన్రా?"

"ఎలా చేయిస్తామండీ? హైదరాబాదు పంపాలంటే బస్సుల్లేవు, కొరియర్ లేదు. మీ తెలంగాణ సమ్మె కదా!"

మీ సమ్మె. యాదమ్మ ఆ మాటను నీళ్లు లేకుండా మింగింది. రోడ్ల మీద కూర్చున్న జనానికి తను ఖాకీ బట్టల సర్కారు మనిషి. ఈ జనగామ ఆఫీసు గదిలో కూర్చున్న ఆంధ్రా డాక్టరమ్మకు మాత్రం సమ్మె తనది. రెండు చోట్లా తలెత్తడానికి లేదు.

కానీ ఆమె బుద్ధి అప్పటికే మరో దారి పట్టింది. యాదమ్మకు ఏది విన్నా ముందు చెడే తోస్తుంది. యూనివర్సిటీ హాస్టల్లో ఉన్న కూతురు సౌందర్య ఫోనెత్తకపోతే, లాఠీ దెబ్బ తిని ఏ దవాఖానలో పడి ఉందో అనిపిస్తుంది. స్టేషన్లో అందరూ నవ్వుతారు. ఆ భయమే చాలా కేసుల్లో ఆమెను మిగిలినవాళ్ల కంటే ముందు నడిపించిందని మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

"రాజీ మింగకపోతే ఇంకెవలో మింగుతున్నరు," అంది నెమ్మదిగా. "వేరేటోళ్లు మింగితే ఏమైతది మేడమ్?"

"మగవాళ్లో, ముసలివాళ్లో ఒకటీ అరా మింగితే పెద్దగా ఏం కాదు. వయసులో ఉన్న ఆడవాళ్లయితే మాత్రం..."

తలుపు దభాలున తెరుచుకుంది.

"యాదక్కా, ముచ్చట్లు ఒడిసినయా?" ఎస్సై సంజీవ నవ్వుతూ గడపలో నిలబడ్డాడు. యాదమ్మతో కలిసి ట్రైనింగైనవాడు. ఉద్యమకారుల మీద కన్నేసి ఉంచే పని ఇప్పుడు అతనిది. "తలుపేస్కొని గుసగుసలాడేటి కేసు నాకొద్దు గని, దొంగను పట్టుకొచ్చిన. జీపుల ఉన్నడు."

"రవినా? కేసు నాది, తమ్మీ."

"కేసు నీదే. మనిషి నా లిస్టుల ఉన్నడు. వంటావార్పు అన్నా, రాస్తారోకో అన్నా ముందు గీడే మైకు పడ్తడు. గోలీల దొంగతనం కింద పొద్దుగూకే వరకు జడ్జి ఇంటికాడ నిలబెడ్త. లోపటేస్తే దంతాలపల్లి రోడ్డు సాఫైతది."

"వాడు దొంగ కాకపోతే?"

"రక్తం చెప్పింది గదక్కా, డాక్టరమ్మనడుగు."

"రాజీ మింగుతలేదని చెప్పింది రక్తం. దొంగెవలో చెప్పలె."

సంజీవ భుజాలు ఎగరేశాడు. "సరే, ముసలిదాని ఇల్లు సోదా చేద్దాం పా. గక్కడ అసలు గోలీలు దొర్కితే వీణ్ణి ఇడ్సిపెడ్త. దొర్కకపోతే నా జీపే కోర్టు తొవ్వ పడ్తది. ఒప్పుకుంటవా?"

యాదమ్మ ఒప్పుకుంది. ఒప్పుకోక చేసేది లేదు.

దారిలో ఆమె రవి పక్కన కూర్చుంది. పాతికేళ్ల మనిషి, దుమ్ము పట్టిన చొక్కా, పై పెదవి చిట్లి ఉంది. అది సంజీవ ప్రశ్నల గుర్తు అని అడగకుండానే తెలిసింది. చూపు పక్కకు తిప్పుకుంది.

"గోలీలు రాజవ్వకే ఇచ్చినవా?"

"ఆమెకే ఇచ్చిన మేడమ్."

"ఇంట్లనా?"

రవి చొక్కా మీది దుమ్ము దులుపుకున్నాడు.

"చూడు బిడ్డా, నువ్వు నోరు మూస్కుంటే నీ నోట్లె మన్నే. ఎక్కడిచ్చినవ్?"

"పత్తి చేన్ల. గట్టు మీద."

"ఇల్లుండగ గట్టు మీదెందుకు?"

"ఇంట్లోళ్లకు తెల్వది మేడమ్. కొడుక్కు, కోడలుకు చెప్పనని నాతోని ఒట్టేయించుకున్నది. 'నా బొందిల పాణమున్నంత వరకు నా రోగం పేరు తండాల వినపడొద్దు బిడ్డా' అన్నది. మీరు గూడ అనకున్రి. దండం పెడ్త."

ముందు సీట్లోంచి సంజీవ పకపకా నవ్వాడు. "దొంగలకు గూడ ఒట్లున్నయ్!"

"ఆఖరుసారి ఎన్నిచ్చినవ్?"

రవి తల దించుకున్నాడు. "రెండు నెలలకు సరిపోను ఒక్కసారే ఇచ్చిన. గట్ల ఇయ్యొద్దని డాక్టరమ్మ చెప్పింది. సమ్మె మొదలైతుంది, పెట్రోలు దొర్కతదో లేదో, అవ్వకు మందు తప్పొద్దని ఇచ్చిన."

దేవరుప్పుల దాటాక రోడ్డుకు అడ్డంగా వంటావార్పు పొయ్యిలు మండుతున్నాయి. జీపును చూసి ఆడవాళ్లు గంటెలు పట్టుకుని లేచారు. ఒకావిడ యాదమ్మ ముఖంలోకి వంగి చూసి, "నువ్వు గూడ మన బిడ్డవే గదనే! గా పోరన్ని యాడికి తోల్కపోతున్నరే?" అంది. జీపు పక్క పొలంలోకి దిగి, పొయ్యిలను చుట్టి, మళ్లీ రోడ్డెక్కింది. ఆ ఆడమనిషి గొంతు చాలా దూరం వెంట వచ్చింది.

దంతాలపల్లి అవతల తండా చివరిది రాజీ ఇల్లు. పెంకుటిల్లు, ముందు పందిరి. లోపల సగం గదికి పత్తి కుప్ప. రాజీ కొడుకు గోప్యా భూపాలపల్లి బొగ్గు బాయిలో కాంట్రాక్టు కూలి. సమ్మెతో బాయి బందయి, మొదటి రోజే ఇల్లు చేరాడు. పోలీసులను చూసి పత్తి మూట కింద పడేసి పరుగున వచ్చాడు.

"ఏమైంది సారూ? మేమేం జేసినం?"

"నీకు గాదు, మీ అవ్వకు పని," అన్నాడు సంజీవ. అప్పటికే కానిస్టేబుళ్లు లోపలికి దూరారు.

రాజీ పందిరి కింద గుంజకు ఒరిగి కూర్చుంది. తల మీది అద్దాల గుడ్డను ముఖం సగానికి లాక్కుంది. చిక్కిన మనిషి. ఎడమ చేతిని కడుపుకు ఆనించుకుని కదలనివ్వడం లేదు. ఎందుకో యాదమ్మకూ, జీపులో ఉన్న రవికీ తప్ప అక్కడ ఇంకెవరికీ తెలియదు. కోడలు గోరీ లోపలి గడప దగ్గర నిలబడి ఉంది. మనిషి ఎండు చొప్పలా ఉంది, నిద్ర చాలని కళ్లు. ఆమె వెనక గూట్లో అమ్మవారి పటం ముందు దీపం వెలుగుతోంది.

"దీపం పట్టపగలు గూడ ఉంచుతరా?" అని అడిగింది యాదమ్మ.

"మొక్కు," అంది గోరీ, కళ్లెత్తకుండా. "తొమ్మిది మంగళారాలు ఆరొద్దు. నేనే నూనె పొయ్యాలె, ఇంకొకల చెయ్యి తగలొద్దు."

"దేనికి మొక్కు?"

గోరీ వెనక్కి తిరిగి దీపం వత్తి ఎగదోసింది. చెప్పనక్కర్లేదు. పిల్లల బట్ట ఒక్కటి లేని దండెం చూస్తే తెలుస్తూనే ఉంది.

"అక్కా, ఇటు రా!" సంజీవ గొంతు గదిలోంచి ఈలలా వచ్చింది.

మూలన చాప మీద పరుపు, దిండు. దిండు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. కింద చిన్న గుడ్డలో బలపం ముక్కలు, పలక మీద రాసేవి. పక్కన సన్నికల్లు, దాని మీద పసుపు మరక.

"పిల్లలు లేని ఇంట్ల బల్పాలేందక్కా?" అన్నాడు సంజీవ. గొంతు పెంచి, పందిరి కింద ఉన్నవాళ్లందరికీ వినపడేలా అన్నాడు. గడప దగ్గర గోరీ మెడ ఇంకా కిందికి వంగింది. "నేను చెప్త విను. డాక్టరమ్మ గోలీలేం రంగు? పసుపుపచ్చ. బల్పం నూరు, పసుపు కలుపు, ఉండ చెయ్యి, ఆరబెట్టు. రవిగానికి ముసలిది జత. గిదీ మీ నకిలీ గోలీల కార్ఖానా!"

యాదమ్మ ఒంగి ఒక ముక్కను వేళ్లతో తీసింది. కిటికీ వెలుగులో తిప్పి చూసింది. ఒక చివర తడిగా ఉంది. ఇంకోదాని అంచు మీద చిన్న చిన్న గాట్లు. ముక్కను గుడ్డలో పెట్టేసి, "సన్నికంటి మీద బల్పం పొడి ఉన్నదా? చూసినవా?" అని మాత్రం అడిగింది.

"కడిగేసిన్రు."

"పసుపు మరక పోకుంట, బల్పం పొడి ఒక్కటే పొయ్యేటట్టు కడిగిన్రా?"

సంజీవ ముఖం ఎర్రబడింది. బయటికి నడిచి నేరుగా రాజీ ముందు నిలబడ్డాడు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు, చేన్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఒడిలో పత్తితోనే దడి అవతల గుమిగూడారు.

"ముసలిదానా, చెప్పు! ఏ రోగానికి మింగుతున్నవ్ గోలీలు?"

రాజీ చూపు ఒక్క క్షణం కొడుకు మీదికి పోయి వచ్చింది. "మోకాళ్ల నొప్పులకు సారూ."

"రాస్కో!" కానిస్టేబులుకు చెప్పాడు సంజీవ. "మోకాళ్ల నొప్పుల గోలీలని చెప్పి రవి ముసలిదాన్ని మోసం జేసిండు. సాక్ష్యం అయిపోయింది. ఎక్కున్రి జీపు!"

రవి జీపులోంచి రాజీ వైపు చూశాడు. ఒక్క మాట చెబితే బయటపడతాడు. చెప్పలేదు. చిట్లిన పెదవిని పళ్ల కింద నొక్కుకున్నాడు.

అది చూసి యాదమ్మ ఓపిక తెగింది. "మోకాళ్లు గాదు తమ్మీ! కేన్సర్ గోలీలవి! రొమ్ముల గడ్డకు మింగుతుందామె! ఆమె రోగం కాపాడతందుకే గా పోరడు నీతోని తన్నులు తింటున్నడు, తెలుస్తుందా నీకు!"

దడి అవతల ఆడవాళ్లు రాజీ వైపు మెడలు చాచారు.

జనగామలో తలుపు వేసి వచ్చిన మనిషి, ఇక్కడ తండా అంతా వినేలా అరిచింది. యాదమ్మకు తన గొంతే పరాయి గొంతులా వినిపించింది. రాజీ తల మీది గుడ్డను గడ్డం కిందిదాకా లాక్కుంది. గోప్యా నోరు తెరిచి, "యాడీ..." అని తల్లి ముందు కూలబడ్డాడు. "నిజమా యాడీ? నాకెందుకు చెప్పలె?" రాజీ వాళ్ల భాషలో ఏదో అంది. కొడుకు ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

యాదమ్మ టోపీ తీసేసింది. రాజీ జబ్బ పట్టుకుని లేపి లోపలికి తీసుకుపోయింది. పత్తి కుప్ప పక్కన నేల మీద ఎదురెదురుగా కూర్చున్నారు.

"తప్పయింది అవ్వా. నా నోరు పడిపోను."

"నువ్వన్నవ్, పోయింది," అంది రాజీ పొడిగా. "ఇగ నేనెక్కడ దాగాలె?"

"అవ్వా, గోలీలు నువ్వు మింగుతలేవు. రక్తం చెప్పింది. నేనిప్పుడు పోలీసుగ అడుగుతలేను. నాకు గూడ బిడ్డ ఉన్నది. ఎవలు మింగుతున్నరు?"

రాజీ పత్తిలోంచి గింజ వేరు చేయసాగింది. తర్వాత మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

మొదటి పట్టీల్లోని గోలీలు తనే మింగింది. ఒళ్లు ఆవిర్లు పుట్టేది, కీళ్లు పట్టేసేవి, పత్తి ఏరనిచ్చేవి కావు. అయినా మింగింది. ఒకనాడు సంచిలోంచి గోలీ తీస్తుంటే కోడలు చూసింది. ఏంటివి అని అడిగింది. అప్పటికప్పుడు రాజీ నోటికి వచ్చిన అబద్ధం ఒక్కటే.

"'నీకే తెచ్చిన బిడ్డా' అన్న. పండుగలకు, జాతరలకు ముట్టు జరుపుకోను ఆడోళ్లు గోలీలు మింగుతరు గద, గవే అని చెప్పిన. దీపం మొక్కు మధ్యల ముట్టయితే మొత్తం పోతదని అది ఏడుస్తుండె. మొగుడు బాయి నుంచి ఇంటికొచ్చిన వారమది. 'నువ్వెంత మంచిదానివి యాడీ' అని నా కాళ్లు మొక్కింది. ఇగ ఎట్లియ్యకుంట ఉండాలె?"

పోయిన దసరాకు సౌందర్య బ్యాగులో అలాంటి గోలీల పట్టీ పెట్టింది తనే. ఈ అబద్ధం ఈ నేల మీద ఎంత సులువుగా నమ్ముతారో ఆమెకు తెలుసు.

"మింగినంక?"

"ఆగింది," అంది రాజీ, గొంతు నూతిలోంచి వచ్చినట్టు. "ముట్టు ఆగింది. ఇగ రాలె. నా రోగం గోలీ దాని కడుపెండగొట్టింది. మనుమడు కావాలని మొక్కించి, నా చేతులతోనే దాన్ని గొడ్రాలిని జేసిన. ఎవలకు చెప్పాలె? ఏ మొఖంతోని చెప్పాలె? ఇయ్యకపోతే ఎందుకని అడుగుతది. రోజు ఒక్కటి చేతుల పెడ్తున్న. పొద్దుగాల గూడ పెట్టిన."

పత్తి కుప్ప వెనక ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడు. గోరీ అక్కడే ఉంది. ఎప్పటి నుంచి ఉందో! గోడకు ఒరిగి, గుప్పిట నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఇటు రా బిడ్డా." యాదమ్మ గుడ్డలోని బలపం ముక్కను అరచేతిలో పెట్టి చూపించింది. "గివి నీయేనా?"

గోరీ కన్నీళ్లతో తలూపింది. "ఎవలకు చెప్పకున్రి. సిగ్గయితుంది. పలకకు రాసేటి బల్పం నేనెందుకు తింటున్ననో నాకే తెల్వది. దుకాణంల కొనబోతే, 'నీకు పిల్లల్లేరు గద, ఎందుకు?' అని నవ్విన్రు. దాస్కొని తింటున్న. రోగమే పట్టింది నాకు గూడ."

"కూర పోపు వాసన?"

"పడ్తలేదు. బయటికి ఉరుకుతున్న."

యాదమ్మ లేచి ఆమె తల మీద చెయ్యి వేసింది. సౌందర్య కడుపులో ఉన్నప్పుడు తను అటుక మీది మట్టిబెడ్డలు గీరి తిన్నది. అత్తకు దొరికిపోయి, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బావి దగ్గర కూర్చుని ఏడ్చింది. సంజీవ గోలీల కార్ఖానా అనుకున్నది ఇదీ.

"నీకే రోగం లేదు బిడ్డా. గోలీతోని ఆగలె నీ ముట్టు. నీకు కడుపయింది."

రాజీ చేతిలో పత్తి గింజ జారిపోయింది. గోరీ అత్త వైపు చూసింది, దీపం వైపు చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం. ఆ ముఖాన్ని తనివితీరా చూసే తీరిక యాదమ్మకు లేదు. సగంలో తెగిపోయిన డాక్టరమ్మ మాట ఆమె చెవుల్లో మోగుతోంది. పెరట్లోకి వెళ్లి ఫోన్ చేసింది.

"వయసులో ఉన్న ఆడోళ్లయితే... అన్నరు మేడమ్. అయితే ఏంది?"

విషయమంతా విని వైదేహి గబగబా చెప్పింది. "కొద్ది రోజులు వేసుకుంటే, ఈస్ట్రోజెన్ తగ్గిపోయిందని మెదడు అండాశయాల్ని గట్టిగా తరుముతుందండి. గుడ్డు విడుదలవుతుంది. పిల్లల్లేనివాళ్లకి కొందరు డాక్టర్లు ఇదే మందు రాసేవారు. ఈ నెలలోనే ప్రభుత్వం వద్దంది."

"గోలీతోనే కడుపయిందా మరి?"

"గోలీ వల్లో, భర్త ఇంటికి రావడం వల్లో నేను చెప్పలేను. కానీ కడుపుతో ఉండి ఇంకా మింగుతోందంటే... యాదమ్మగారూ, ఈ క్షణమే ఆపించండి. బిడ్డకి అవయవాలు ఏర్పడే రోజులివి. దేనికి ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. నా దగ్గరికి తీసుకురండి. నేను..." అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. "నేను ఒక్కసారైనా ఆ ఇంటికి వెళ్లి ఉండాల్సింది."

యాదమ్మ లోపలికి వచ్చేసరికి సంజీవ గదిలో ఉన్నాడు. రాజీ సంచి గుమ్మరించి పట్టీలు చూస్తున్నాడు. అంతా విన్నట్టున్నాడు. ముఖంలో నవ్వు లేదు.

"రవిని ఇడ్సిపెడ్త," అన్నాడు చూపు కలపకుండా. "గని అక్కా, వాడిచ్చినయి రెండు నెలలవి. కోడలు రోజుకొక్కటి మింగినా ఇప్పటికి సగమే కావాలె. ఒక్కటి తప్ప పట్టీలన్ని ఖాళీగున్నయ్. మిగిలినయి ఏవి?"

ఆ ప్రశ్న తను వేయాల్సింది. యాదమ్మ గోరీ వైపు తిరిగింది. గోరీ చూపు మెల్లగా గుమ్మం దాటి, పందిరి దాటి, దడి అవతల నిలబడ్డ ఆడవాళ్ల మీద ఆగింది.

"నాది ఆగింది జూసి అందరు అడిగిన్రక్కా," అంది గుసగుసగా. "బతుకమ్మకు, వంటావార్పులకు... ముట్టయినోళ్లను పొయ్యి కాడికి రానియ్యరు గద. మంచి గోలీ అని పంచిన. మా యాడీకి తెల్వకుంట సంచిలకెల్లి తీసిన."

ఆమె ఊహించిన చెడు ఎప్పుడూ ఒక్క ఇంటితో ఆగేది. ఇది దడి దాటింది.

బయటికి వచ్చి, "మొగోళ్లంత రోడ్డు మీదికి పోన్రి!" అంది. "నువ్వు గూడ తమ్మీ."

"నేను డ్యూటీల ఉన్న అక్కా."

"నేను గూడ. పో."

సంజీవ ఒక క్షణం నిలబడి, మగవాళ్లందరినీ తోలుకుని వెళ్లిపోయాడు. గోప్యా మాత్రం తల్లిని చూస్తూ వెనక్కి నడిచాడు.

"అక్కలారా, గోరీ ఇచ్చిన పసుపు గోలీలు ఎవలెవలు తీస్కున్నరు? మీ మంచికే అడుగుతున్న. కేసు లేదు, ఏం లేదు."

ఒక్కరూ పలకలేదు. కొంగులు నోళ్ల మీదికి వెళ్లాయి. చూపులు నేల మీద పడ్డాయి. ముట్టు ముచ్చట ఖాకీ బట్టల మనిషికి, ఇంతమందిలో, ఎవరు చెబుతారు? ఆ మౌనం యాదమ్మకు కొత్తది కాదు. పొద్దున జనగామలో తలుపు వేసి వచ్చింది ఆ మౌనమే.

వెనక అద్దాల గలగల వినిపించింది. రాజీ పందిరి కిందికి వచ్చి నిలబడింది. తల మీది గుడ్డను రెండు చేతులతో తీసి భుజాల మీద వేసుకుంది. నెరిసిన జుట్టు, ముడుతల ముఖం, అన్నీ వెలుగులోకి వచ్చాయి.

"నా రొమ్ముల గడ్డ ఉన్నది," అంది. ముందు తమ భాషలో, తర్వాత యాదమ్మకు కూడా తెలిసేలా తెలుగులో. "గా గోలీలు నాయి. సిగ్గుతోని దాచిపెట్టిన. నా సిగ్గు మీ కడుపులకు ముప్పు తెచ్చింది. ఇగ నాకేం సిగ్గు లేదు. మింగినోళ్లు చెయ్యెత్తున్రి."

ముందు చంకలో బిడ్డ ఉన్న ఒక తల్లి చెయ్యెత్తింది. తర్వాత ఇద్దరు తోడికోడళ్లు, ఒకరినొకరు చూసుకుంటూ. తర్వాత కొత్త పెళ్లికూతురొకతె, చేతులకు గాజులు నిండుగా. చేతులు లేస్తూనే ఉన్నాయి. యాదమ్మ లెక్క పెట్టడం మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేసింది.

చివర్న దడి మూలన ఒక పిల్ల ఉంది. రెండు జడలు, మెడలో పూసలు తప్ప ఇంకేం లేదు. పెళ్లి కాలేదు. పేరు భాగ్య అని ఎవరో అన్నారు. యాదమ్మ తన వైపు చూడగానే, అడగకముందే గబగబా అంది:

"నాది గూడ గోలీతోనే ఆగిందక్కా. గోలీతోనే."

అంటూ కంగారులో చెయ్యెత్తింది. గుప్పిట విడిపోయింది. తెల్లటిదేదో జారి, యాదమ్మ కాళ్ల ముందు మట్టిలో పడింది.

బలపం ముక్క. ఒక చివర తడిగా ఉంది.

భాగ్య దాని వైపు వంగబోయి ఆగింది. రోడ్డు మీది నుంచి మగవాళ్ల గొంతులు దగ్గరవుతున్నాయి. అందులో ఒకటి, "భాగ్యా! గక్కడేం జేస్తున్నవే?" అని అరుస్తోంది. ఆడవాళ్లంతా అటు తిరిగి చూస్తున్నారు.

యాదమ్మ ఒక్క అడుగు ముందుకు వేసి, బూటు కింద ఆ ముక్కను కప్పేసింది.

"నువ్వు నా పక్కకు రా బిడ్డా," అంది, పెదవులు కదలనివ్వకుండా. "తల దించకు. ఎవలేమడిగినా నాతోనే ఉండు."